టోల్ గేటు తోడికోడళ్ళు

కవరు చించగానే ముందు ఫొటో బయటపడింది. పైనుంచి తీసిన ఫొటో. పొగమంచులో ఒక చిన్న తెల్ల కారు, నంబరు ప్లేటు చుట్టూ ఎర్ర గీత, డ్రైవరు పక్క కిటికీలోంచి బయటికి చాచిన ఒక చెయ్యి.

"అమ్మా, ఈ చెయ్యి నీదేనా?" అంది కూతురు.

పెద్దకోడలు ఫొటోని కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది. చేతికున్న వాచీని గుర్తుపట్టింది. "నాదే."

"ఎందుకు చాచావు? అక్కడ ఎవరూ లేరుగా."

జవాబు ఉంది గానీ చెప్పబుద్ధి కాలేదు. పదిహేడేళ్ళపాటు సరిగ్గా ఆ చోటే, మూడో నంబరు గాజు గదిలో కూర్చుని, వచ్చే పోయే బళ్ళకి ఆమె చెయ్యి చాచింది. మొన్న పొగమంచులో పాతరోడ్డుకి తిరిగే మలుపు కనబడలేదు. వెనక లారీలు తరుముతుంటే కారు తిన్నగా వంతెన దారిలోకి పోయింది. గది ఉండే చోటికి వచ్చేసరికి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది, చెయ్యి దానంతటదే బయటికి పోయింది. ఈసారి తీసుకోవడానికి కాదు, ఇవ్వడానికి. అందుకునేవాళ్ళు మాత్రం లేరు. నున్నటి తారురోడ్డు, పైన ఒక ఇనుప కమాను, దానికి వేలాడుతున్న నాలుగు కెమెరాలు, అంతే.

ఉత్తరంలో విషయం సూటిగానే ఉంది. ఫలానా తేదీన, ఫలానా గంటకి, ట్యాగు లేకుండా గేటు దాటారు. పద్నాలుగు రోజుల్లోగా ట్యాగు నమోదు చేయించుకుంటే మామూలు రుసుముతో పోతుంది. లేదంటే జరిమానా.

"చేయించెయ్యమ్మా, ఫోన్లో పది నిమిషాల పని" అంది కూతురు.

"నాకొద్దు ఆ స్టిక్కరు" అంది పెద్దకోడలు. ఫొటోని మళ్ళీ కవర్లో పెట్టేసింది.

పెద్దకోడలు, చిన్నకోడలు అన్న పేర్లు అత్తగారు పెట్టినవి. ఆవిడ పోయి ఆరేళ్ళయినా పేర్లు మాత్రం పోలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో కాపురం. కింద పెద్దవాడు, పైన చిన్నవాడు. పెద్దవాడు ఎలక్ట్రీషియన్, సాయంత్రానికి ఇంటికి చేరతాడు. చిన్నవాడు దూరాలు పోయే లారీ నడుపుతాడు, వెళ్ళాడంటే రెండు వారాల దాకా ఇంటి మొహం చూడడు. తోడికోడళ్ళు ఇద్దరూ ఒకే టోల్ గేటులో పనిచేశారు. ముందు చేరింది పెద్దది. తర్వాత మూడేళ్ళకి చిన్నదాన్ని వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళి, "లెక్క తప్పదు, నోరు జారదు, పూచీ నాది" అని చెప్పి ఉద్యోగం వేయించింది కూడా పెద్దదే. ఒకామెది మూడో గది, ఇంకొకామెది నాలుగో గది. మధ్య అరచేయంత మందం గోడ. వాన రోజుల్లో బళ్ళు పలచబడితే గోడ మీద వేలితో తట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పెద్దామె దగ్గర ఎప్పుడూ చిల్లర ఉండేది కాబట్టి లారీల వాళ్ళు ఆమెని 'చిల్లరక్క' అనేవాళ్ళు. ఆమె మొహాల కంటే చేతుల్ని ఎక్కువ గుర్తుపట్టేది. పిండిమరవాడి చెయ్యి, టీచరమ్మ చెయ్యి, గోళ్ళు కొరుక్కునే పోలీసాయన చెయ్యి.

అలాంటి గేటుని ఒక రోజు కంపెనీవాళ్ళు తీసేస్తున్నామన్నారు. ఇక బళ్ళు ఆగక్కర్లేదట, కెమెరాలే చూసుకుంటాయట. ముప్పై ఆరుమందిలో ఆరుగురిని మాత్రం ఉంచుకుంటారు. రోడ్డు పక్కన కౌంటరు పెట్టి, ట్యాగులు నమోదు చేసి, బళ్ళకి అంటించడానికి. మిగతావాళ్ళకి ఎంతో కొంత ఇచ్చి పంపిస్తారు.

ఆ సాయంత్రం ముప్పై ఆరుగురూ విశ్రాంతి గదిలో కూర్చున్నారు. అందరికీ సరైన పరిహారం తేలేదాకా ఆ ఆరు ఉద్యోగాలకి ఎవరూ సంతకం పెట్టకూడదు. అలా కలిసికట్టుగా ఉంటేనే కంపెనీ దిగొస్తుంది. మాట ఇది. అందరిచేతా చెయ్యెత్తించింది పెద్దకోడలే. చిన్నకోడలు కూడా ఎత్తింది.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఒక్క పేరు కనబడింది. చిన్నకోడలిది. ఒకరు గోడ దూకాక ఇంకొకరు ఆగుతారా? వారం తిరక్కుండా మిగతా అయిదూ నిండిపోయాయి. బేరం చెడింది. అడిగినదాంట్లో సగం కూడా రాలేదు.

పెద్దకోడలు బోర్డు ముందు ఏమీ అనలేదు. ఇంటికొచ్చి మెట్లెక్కి, పైవాటా గుమ్మంలో నిలబడి అంది. ఆ రోజు మరిది కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఆమె అన్నది ఒక్కటే మాట.

"పిల్లా జెల్లా లేనిదానివి, ఎవరి కోసమే నీకింత ఆశ?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. అది నోరు జారడం కూడా కాదు. మెట్లెక్కుతూ ఆ మాటని ఆమె మనసులో తయారుచేసుకునే వెళ్ళింది. ఎక్కడ తగులుతుందో తెలిసే విసిరింది. చిన్నకోడలు తలుపు నెమ్మదిగా, చప్పుడు కాకుండా వేసింది.

అప్పట్నుంచి ఎనిమిది నెలలు. అన్నదమ్ములిద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకున్నారు. పెద్దకోడలికి పైనుంచి అడుగుల చప్పుడు మాత్రం వినిపించేది. పొద్దున్నే అయిదింటికి స్టవ్వు దాకా నాలుగడుగులు, కిటికీ దాకా ఆరు, తలుపు దాకా తొమ్మిది. ఆ చప్పుడు మెట్లు దిగిపోయేదాకా ఆగి, తర్వాత తను గుమ్మం దాటేది.

వచ్చిన పరిహారంతో ఆమె ఒక పాత కారు కొనుక్కుంది. నది అవతల మూడు క్లినిక్కులకి ఉతికిన దుప్పట్లు, తువ్వాళ్ళు చేరవేసే పని దొరికింది. వంతెన మీద గేటు ఉంది కాబట్టి ఆ దారిన పోయేది కాదు. పాతరోడ్డున కొండ చుట్టి, కింది చిన్న వంతెన మీదుగా పోయేది. ముప్పై అయిదు నిమిషాలు ఎక్కువ. లాండ్రీ యజమాని రెండుసార్లు గొణిగాడు, మూడోసారి గట్టిగానే అన్నాడు. "ఏమ్మా, ఆపరేషన్ టేబుల్ మీద మనిషి పడుకున్నాక దుప్పటి తెస్తే ఎలా?"

ఇప్పుడు ఈ ఉత్తరం. ఆమె వారం రోజులు దాన్ని బీరువా మీద పెట్టి అటు చూడకుండా గడిపింది. ఎనిమిదో రోజు మొగుడు అన్నాడు, అన్నం నములుతూ, మెల్లిగా. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం ఎందుకు? ట్యాగు అంటించుకో, పాతరోడ్డునే పో. ఎవరొద్దన్నారు?"

కూతురు ఫోను పట్టుకుని కూర్చుంది. పది నిమిషాల పని గంటన్నర పట్టింది. బండి కాగితాలు ఫొటో తీసింది, గుర్తింపు కార్డు ఫొటో తీసింది, అద్దం ఫొటో తీసింది. చివరికి తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. వివరాలు సరిపోలడం లేదు. ఛాసిస్ నంబరు తనిఖీ కోసం బండితో సహా దగ్గరి సహాయ కౌంటరుకి రండి.

"దగ్గరి కౌంటరు ఎక్కడ?" అని అడిగింది పెద్దకోడలు, తెలిసే.

"గేటు దగ్గరే."

"ఇంకోటి లేదా?"

"ఉంది. నూట నలభై కిలోమీటర్లు."

ఆమె పొద్దుటి అడుగుల చప్పుడుని బట్టి లెక్కవేసుకుంది. వారమంతా పొద్దుటి షిఫ్టు, అంటే రెండింటికి దిగిపోతుంది. మూడింటికి వెళ్తే మొహం చూడక్కర్లేదు. బుధవారం మూడింటికి బయల్దేరింది. కౌంటరు అంటే రేకుల షెడ్డు, ఒకప్పుడు వాళ్ళు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తిన్న షెడ్డే. ఇప్పుడు నీలం రంగు వేశారు, ముందు గాజు అద్దం పెట్టారు. అద్దం వెనక ఒక్క మనిషే ఉంది. చిన్నకోడలు.

వెనక్కి తిరిగిపోవచ్చు. కానీ కారుకి వెనక అప్పటికే ఒక వ్యాను వచ్చి ఆగింది. ఆమె దిగి లైన్లో నిలబడింది.

ముందు ఒక ముసలి లారీ డ్రైవరు ఉన్నాడు. ఫోన్ని అరచేతిలో పిట్టపిల్లలా పట్టుకున్నాడు.

"ఓటీపీ వచ్చిందా బాబాయ్?" అంది చిన్నకోడలు.

"వచ్చింది. కానీ కింద రాశాడు చూడు, ఎవరికీ చెప్పొద్దని. నువ్వేమో చెప్పమంటున్నావు. ఇద్దర్లో ఎవరి మాట వినను?"

"ఇద్దరిదీ వినండి. నాకు చెప్పకండి, మీరే ఇక్కడ నొక్కండి. నేను అటు తిరుగుతాను."

నిజంగానే కుర్చీ అటు తిప్పుకుంది. ముసలాయన ఒక్కో అంకె పైకి చదువుతూ నొక్కాడు. లైనంతా వింది. చిన్నకోడలు నవ్వు ఆపుకోవడం వెనకనుంచి భుజాల్లో తెలిసింది. పెద్దకోడలికి కూడా నవ్వొచ్చింది. మొహం పక్కకి తిప్పుకుంది.

ముసలాయన వెళ్తూ వెళ్తూ ఈమెని చూసి ఆగిపోయాడు. "చిల్లరక్కా, నువ్వా? నువ్వూ లైన్లో నిలబడాలా?"

"అందరికీ ఒకటే లైను కదా అన్నా" అంది.

అద్దం వెనక మొహం పైకి లేచింది. ఒక్క క్షణం. మళ్ళీ కంప్యూటరు మీదికి వాలింది.

"రండి. బండి యజమాని పేరు చెప్పండి."

ఆ 'అండి' చెంపదెబ్బలా తగిలింది. పద్నాలుగేళ్ళుగా 'నువ్వు' అన్న నోరు.

"నా పేరు నీకు తెలీదా?"

"యజమాని నోటితో చెప్పాలండి. రూలు."

పెద్దకోడలు చెప్పింది. ఇంటి చిరునామా అడిగితే అదీ చెప్పింది, ఇద్దరిదీ ఒకటే చిరునామా. చిన్నకోడలు "కింది వాటానా, పై వాటానా?" అని అడిగి, జవాబు వినకముందే 'కింది' అని కొట్టేసింది.

"ఫోను నంబరు?"

చెప్పింది.

"రెండో నంబరు ఉండాలి. మీ ఫోను అందనప్పుడు మెసేజీ పోవడానికి."

పెద్దకోడలు నోరు తెరిచింది. మొగుడి నంబరు ఈ మధ్యే మారింది, గుర్తులేదు. కూతురిది ఫోన్లో ఉంటుంది, నోటికి రాదు. వెనక వ్యానువాడు గొంతు సవరించుకున్నాడు. నోటికొచ్చిన నంబరు ఒక్కటే ఉంది. అదే చెప్పడం మొదలెట్టింది. ఆరో అంకె దగ్గర చిన్నకోడలి వేళ్ళు ఆగిపోయాయి.

"ఇదెవరిదో తెలుసా?"

"తెలుసు. నాకు నోటికొచ్చింది అదొక్కటే. కూడదంటే చెప్పు, కారు దగ్గరికెళ్ళి ఫోను తెచ్చుకుంటాను."

చిన్నకోడలు మిగిలిన అంకెలు తనే నొక్కింది. ఆ వెంటనే బల్ల సొరుగులో ఫోను గుర్రుమంది. ఇద్దరూ విన్నారు.

"ఛాసిస్ నంబరు చూడాలి. బండి షెడ్డు పక్కకి తియ్యండి" అని, లోపల ఉన్న ఇంకో ఉద్యోగిని పిలిచి వ్యానువాణ్ణి అప్పగించి, టార్చిలైటు, పాత గుడ్డ పట్టుకుని చిన్నకోడలు బయటికొచ్చింది.

బానెట్ ఎత్తి ఇద్దరూ వంగారు. అంకెలు చెక్కిన రేకు ఇంజను వెనక గోడకి, మసి పట్టి ఉంది. చిన్నకోడలి చెయ్యి అందలేదు. పెద్దకోడలు గుడ్డ అందుకుని తుడిచింది. చిన్నది టార్చి వేసి ఒక్కో అక్షరం చదివింది. పెద్దది కాగితంలో చూసుకుంటూ వచ్చింది.

"చివరి నుంచి మూడోది?"

"కాగితంలో మూడు."

"ఇక్కడ ఎనిమిది. అమ్మినవాడు రాసుకోవడంలో తప్పు. దీనికేనా ఇంత దూరం" అంది చిన్నకోడలు. 'అండి' జారిపోయిన సంగతి ఇద్దరికీ తెలిసింది.

టార్చి ఆర్పాక కూడా ఇద్దరూ లేవలేదు. బానెట్ కింద నీడగా ఉంది. రోడ్డు మీద బళ్ళు ఆగకుండా పోతున్నాయి. గేటున్న రోజుల్లో ఎన్నడూ వినని చప్పుడు అది.

"షిఫ్టు రెండింటికి అయిపోవాలిగా?" అంది పెద్దకోడలు.

"నేను లేనప్పుడు రావాలని చూశావా?"

"చూశాను."

"రెండో షిఫ్టు తీసేశారు. ఇప్పుడు పొద్దుణ్ణుంచి ఆరింటిదాకా ఒకటే షిఫ్టు." చిన్నకోడలు గుడ్డకి అంటిన మసి చూస్తూ మాట్లాడింది. "నాలుగు నెలల్లో ఈ కౌంటరు కూడా తీసేస్తారు. అంతా ఫోన్లోనేనట. మేము కొత్త కాగితం మీద సంతకం పెట్టాం కాబట్టి మాకు పరిహారం కూడా ఉండదు. నవ్వుకుంటావేమోనని చెప్పలేదు."

"చెప్పడానికి మాటలెక్కడున్నాయి మన మధ్య?"

"అదీ నిజమే."

పెద్దకోడలికి సంతోషం కలగాల్సింది. ఎనిమిది నెలలు ఆమె ఎదురుచూసిన కబురే అది. ఏమీ కలగలేదు, నడుము నొప్పెట్టడం తప్ప.

"ఆ సాయంత్రం చెయ్యెత్తావు కదే. తెల్లారేసరికి ఎందుకు పోయి సంతకం పెట్టావు? ఒక్క మాట నాతో చెప్పి ఉంటే..."

"చెప్తే పెట్టనిచ్చేదానివి కాదు." చిన్నకోడలు మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "నేను చేసింది తప్పే అక్కా. నా వల్లే మీ అందరికీ తక్కువొచ్చింది. ఆ ముప్పైమందీ నన్ను తిట్టారు, పడ్డాను. నువ్వు కూడా దానికి తిట్టి ఉంటే పడేదాన్ని. నువ్వు దానికి తిట్టలేదు. వేరేదానికి తిట్టావు."

పెద్దకోడలు చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"ఎవరి కోసమే అన్నావు. అప్పుడు నాకు జవాబు తట్టలేదు. తర్వాత చాలా రోజులకి తట్టింది. నా కోసమే. నీకు ఉద్యోగం పోతే కింద ఇద్దరున్నారు, పేచీ పెట్టడానికైనా. నాకు పైన ఎవరున్నారు? ఆయన నెలకి పది రోజులు ఉంటే గొప్ప. ఇక్కడికొస్తే రోజుకి నూరుమంది మాట్లాడతారు. తిడితే తిడతారు, కానీ మాట్లాడతారు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పైన ఆ గదిలో ఒక్కదాన్నే ఉండడం తలుచుకుంటే నాకు ఆ రాత్రి ఊపిరి ఆడలేదు. తెల్లవారగానే పరిగెత్తి పెట్టేశాను. అంతే."

"ఆ మాట నేను అని ఉండకూడదు" అంది పెద్దకోడలు. అనడానికి చాలా కష్టమయింది. ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లో మనసులో అనుకుంది గానీ, అప్పుడది పెద్ద మాటలతో, వివరణలతో ఉండేది. బయటికొచ్చేసరికి ఇంతే మిగిలింది.

"ఉండకూడదు" అంది చిన్నకోడలు. క్షమించానని అనలేదు. బానెట్ దించి, రెండు చేతులతో నొక్కి మూసింది.

తర్వాత ట్యాగు అంటించింది. ముందు అద్దం లోపలివైపు తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఇంకోసారి పొడిగుడ్డతో తుడిచింది. వెనక కాగితం ఒలిచి, మధ్య అద్దానికి వెనకగా స్టిక్కరు పెట్టి, బొటనవేలితో మధ్యనుంచి అంచులకి గాలిబుడగలు లేకుండా నొక్కుకుంటూ పోయింది. పెద్దకోడలు పక్క సీట్లో కూర్చుని చూసింది. ఈ పని చెయ్యడానికి తను ఒప్పుకోలేదు, ఈమె ఒప్పుకుంది. చూస్తే అది నామోషీ పనీ కాదు, ద్రోహమూ కాదు. శ్రద్ధగా చేస్తే శ్రద్ధగా అయ్యే ఒక పని, అంతే.

"గంట దాకా పనిచెయ్యదు. ఆ తర్వాత గేటు కింద వేగం తగ్గించక్కర్లేదు" అంది చిన్నకోడలు దిగుతూ. "ఆగితే వెనకవాళ్ళు గుద్దుతారు. ఆ రోజు ఫొటోలో చూశాను."

"నువ్వు చూశావా?"

"ట్యాగు లేని బళ్ళ ఫొటోలన్నీ మా దగ్గరికే వస్తాయి. ఉత్తరం పంపేముందు నంబరు సరిచూసేది నేనే." వ్యానువాడు కిటికీలోంచి తల బయటపెట్టి ఇటే చూస్తున్నాడు.

మర్నాటి నుంచి పెద్దకోడలు వంతెన మీదుగానే వెళ్ళింది. దుప్పట్లు వేళకి చేరుతున్నాయి. గేటు కింద దాటినప్పుడల్లా ఫోను ఒకసారి మోగేది. అదే మెసేజీ చిన్నకోడలి ఫోనుకి కూడా పోతుందని ఆమెకి మూడో రోజు గాని తట్టలేదు. తట్టాక కాస్త ఇబ్బందిగా అనిపించింది. మార్పించుకోవడం తేలికే, ఫోన్లో రెండు నొక్కులు, కూతురు చేసిపెడుతుంది. కానీ చేయించలేదు. ఇంట్లో మాత్రం అదే పరిస్థితి. మెట్ల మీద ఎదురుపడితే "వెళ్తున్నావా?" "ఆఁ" అనే దాకా వచ్చారు, అంతకు మించి పోలేదు. మొగుడు దాన్నే పెద్ద వర్షంలా చూసుకుని మురిసిపోయాడు.

నెల దాటాక ఒక రోజు అవతలి ఒడ్డున, మూడో క్లినిక్కు వెనక, కారు మొండికేసింది. మెకానిక్కు వచ్చి చూసి, సామాను తెస్తానని పోయి మూడు గంటలయినా రాలేదు. ఆమె గోడ మీద కూర్చుని ఉండగా ఫోను మోగింది. తెర మీద పేరు చూసి కాసేపు ఎత్తలేదు. తర్వాత ఎత్తింది.

"పదకొండింటికి అటు దాటావు. ఇప్పుడు మూడున్నర. ఇటు ఇంకా దాటలేదేం?" అంది చిన్నకోడలు.

"కారు ఆగిపోయింది."

"నువ్వు బాగానే ఉన్నావా?"

"ఉన్నాను. తినలేదు, అంతే."

"మెకానిక్కు పేరు చెప్పు." పేరు వినగానే అటువైపు ఒక నిట్టూర్పు. "వాడు సామాను కోసం కాదు, నిద్ర కోసం పోయాడు. మన గేటులో మూడు గంటలు బండి అడ్డంపెట్టినవాడు వాడే. ఆగు, నేను చెప్తాను వాడికి."

ఏం చెప్పిందో గాని ఇరవై నిమిషాల్లో మెకానిక్కు పరిగెత్తుకొచ్చాడు. కళ్ళ కింద దిండు గీతలు కూడా పోలేదు. ఆమె వంతెన దాటేసరికి సాయంత్రమైంది. ఇంటికొచ్చాక చిన్నదానికి ఫోను చేసి చెప్పాలా అనుకుంది. చెప్పక్కర్లేదని తెలిసింది.

చలికాలం మొదట్లో కౌంటరు తీసేశారు. పెద్దకోడలు లాండ్రీ యజమానితో మాట్లాడి, లెక్కలు రాసే పనొకటి ఉందని తెలుసుకుని, మెట్ల దగ్గర ఆ మాట ఎత్తింది. చిన్నకోడలు వద్దంది.

"ఒకసారి నువ్వు పూచీ పడి ఉద్యోగం వేయించావు. అది చాలు. ఈసారి నేనే చూసుకుంటాను."

చూసుకుంది కూడా. బస్టాండులో విచారణ కిటికీ. ఏ బస్సు ఎక్కడ, ఎన్నింటికి, ఎందుకు ఆలస్యం అని రోజుకి నూరు కాదు, అయిదు వందలమంది అడుగుతారు. జీతం తక్కువ. ఆ కబురు మరిది ఫోనులో అన్నకి చెప్తే, అన్న పెద్దకోడలికి చెప్పాడు.

ఒక ఆదివారం సాయంత్రం మెట్ల పైనుంచి పిలుపు వినిపించింది. "అక్కా, సూది ఉందా? కొత్త కోటుకి గుండీ ఊడింది."

పెద్దకోడలు సూది, నల్లదారం తీసుకుంది. కూతురిచేత పంపించబోయి, ఆగి, తనే మెట్లెక్కింది. ఆ గుమ్మంలో ఆమె కాలు పెట్టి ఏడాది దాటింది. చిన్నకోడలు తలుపు తెరిచి, "లోపలికి రా" అంది.

గది శుభ్రంగా ఉంది. మంచం, బల్ల, కిటికీ దగ్గర ఒకే కుర్చీ. చిన్నకోడలు కుర్చీ ఆమెకిచ్చి మంచం మీద కూర్చుంది. కోటు ఒళ్ళో పెట్టుకుని దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించి ఓడిపోయింది. పెద్దకోడలు సూది తీసుకుని ఎక్కించి ఇచ్చింది. చిన్నకోడలు గుండీ కుట్టడం మొదలెట్టింది. అప్పుడు పెద్దకోడలికి వినబడింది.

కింద కూతురు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. ఒక్కో మాటా తెలుస్తోంది. మొగుడు దగ్గాడు. పంపు తిప్పి కట్టిన చప్పుడు. చెంచా పడింది, ఎవరో తీశారు.

ఆమె ఇన్నాళ్ళూ పై అడుగుల్ని లెక్కపెట్టుకుంటూ తనే వింటున్నాననుకుంది. తన ఇల్లంతా ఇక్కడికి ఇలా వినిపిస్తుందని ఏనాడూ అనుకోలేదు. తను ఈ ఏడాదిలో కింద ఏమేం మాట్లాడింది? ఎవరి గురించి? ఎంత గట్టిగా? గుర్తు చేసుకోబోయి, భయపడి మానేసింది.

"అంతా వినిపిస్తుందా?" అంది.

"ఆఁ" అంది చిన్నకోడలు, తల ఎత్తకుండా.

"ఏడాదీ?"

"కిటికీ మూసుకుంటే కొంచెం తగ్గుతుంది." దారం లాగి ముడి వేసింది. "మూసుకునేదాన్ని కాదు."

పెద్దకోడలు చేతిలోని దారపు ఉండని చుట్టుకుంటూ కూర్చుంది. చిన్నకోడలు కోటు పక్కన పెట్టి, వేలు పైకెత్తి, ఆగమన్నట్టు సైగ చేసింది.

"ఇప్పుడు చూడు. వార్తలు అయిపోయాయి. బావగారు కుర్చీ వెనక్కి నెడతారు. తర్వాత 'మీ అమ్మ ఏదే?' అంటారు."

కింద కుర్చీ కీచుమంది.

"మీ అమ్మ ఏదే?" అన్నాడు మొగుడు.

ఇద్దరికీ నవ్వు పొంగుకొచ్చింది. కిందికి వినిపిస్తుందేమోనని పెద్దకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నకోడలు ఒకసారి ఊపిరి పీల్చుకుని, "మాటా నవ్వూ ఇక్కడి నుంచి కిందికి వినపడవులే. నవ్వు" అంది. లేచి స్టవ్వు దగ్గరికి వెళ్ళి, టీ గిన్నెలో ఇద్దరికి సరిపడా నీళ్ళు పోసింది.